బంటు ఇచ్చి ఎత్తులు కొనడం: చెస్ గాంబిట్ల అసలు లెక్క

చెస్‌లో ఆట మొదటి ఎత్తుల వరుసను ఓపెనింగ్ అంటారు, అందులో కావాలని బంటును ఇచ్చే పద్ధతిని గాంబిట్ అంటారు. డేనిష్ గాంబిట్ అని ఒక ఓపెనింగ్ ఉంది. తెలుపు ఇ4 ఆడుతుంది (అంటే బంటును ఇ నిలువు వరుసలో నాలుగో గడికి నెడుతుంది), నలుపు ఇ5. తెలుపు డి4 నెడితే నలుపు ఆ బంటును తింటుంది. తెలుపు సి3 అంటూ ఇంకో బంటును ముందుకు తోస్తుంది, నలుపు దాన్నీ తింటుంది. అప్పుడు తెలుపు ఆ బంటు జోలికి పోకుండా బిషప్‌ను సి4కి తీస్తుంది. నలుపు బంటు బి2 దాకా వెళ్లి మూడో బంటును కూడా తినేస్తుంది. అయిదో ఎత్తులో తెలుపు రెండో బిషప్ వచ్చి బి2లో ఆ బంటును తీసేస్తుంది.

బలం లెక్క చూస్తే తెలుపు మూడు బంట్లు పోగొట్టుకుని ఒకటి తిన్నది. నికరంగా రెండు బంట్లు తక్కువ. సమ ఉజ్జీల మధ్య ఆట ప్రశాంతంగా సాగితే ఓడిపోవడానికి ఆ తేడా చాలు. మరి తెలిసి తెలిసి ఎవరైనా ఇలా ఎందుకు ఆడతారు?

బోర్డును ఇంకోసారి చూడండి. ఈసారి బంట్లు వదిలేసి ఎత్తులు లెక్కపెట్టండి. నలుపు ఇప్పటికి నాలుగు ఎత్తులు ఆడింది. ఇ5కి రావడం, డి4లో తినడం, సి3లో తినడం, బి2లో తినడం. నాలుగూ ఒకే బంటు ఆడిన ఎత్తులు, ఆ బంటు ఇప్పుడు బోర్డు మీద లేదు. అంటే నలుపు పడిన శ్రమలో దేనికీ ఆనవాలు మిగల్లేదు. దాని గుర్రాలు, బిషప్‌లు, ఏనుగులు, మంత్రి, రాజు అన్నీ ఆట మొదలవకముందు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. తెలుపు వైపు చూస్తే మధ్యలో ఇ4 బంటు నిలబడింది. ఒక బిషప్ ఎఫ్7 మీద, ఇంకో బిషప్ జి7 మీద గురిపెట్టి ఉన్నాయి. క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపి రాజును మూలకు దాచడం) చేయబోయే నల్లరాజు చుట్టూ ఉండేవి సరిగ్గా ఆ గడులే.

తెలుపు రెండు బంట్లు పెట్టి కొన్నది ఈ తేడాని. అందరూ అనుకునేట్టు దాడిని కాదు. దాడి తరవాత రావచ్చు, రాకపోవచ్చు. చేతికొచ్చింది మాత్రం సమయం. గాంబిట్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ తేడా దగ్గర మొదలుపెట్టాలి. చాలామంది కొత్త ఆటగాళ్లు గాంబిట్ అంటే ధైర్యం, దూకుడు, ఉచ్చులు అనుకుంటారు. నా దృష్టిలో గాంబిట్ ముందుగా ఒక లెక్క. ఏమిస్తున్నాం, ఏం వస్తోంది, వచ్చింది ఎంతసేపు నిలుస్తుంది?

పనికొచ్చే ఎత్తు ఏది?

ఒక్క ఎత్తు పట్టే సమయాన్ని చెస్‌లో టెంపో అంటారు. ఓపెనింగ్‌లో అన్ని టెంపోలూ సమానం కావు. గుర్రాన్నో బిషప్‌నో పుట్టిన గడి నుంచి పనిచేసే గడికి తీయడం పనికొచ్చే ఎత్తు. క్యాస్లింగ్ పనికొచ్చే ఎత్తు. బిషప్‌లకు దారి వదులుతూ మధ్య గడులను పట్టుకునే బంటు ఎత్తు కూడా అంతే. బయటికొచ్చిన పావునే మళ్లీ మళ్లీ కదపడం, కారణం లేకుండా అంచు బంట్లు నెట్టడం, తరుముతుంటే మంత్రిని అటూ ఇటూ పరిగెత్తించడం మాత్రం సమయాన్ని పారేయడమే.

బంటును తినడం ఈ రెండో కోవలోకే వస్తుంది. తిన్నప్పుడు బలం పెరుగుతుంది, నిజమే. కానీ తినడం వల్ల కొత్త పావు ఏదీ బయటికి రాదు. గాంబిట్ ఆడేవాడు బంటును ఎరగా వేసి ప్రత్యర్థి చేత ఇలాంటి ఎత్తులు ఆడిస్తాడు. అవతలివాడు తింటున్నంతసేపూ తను తన పావులను బయటికి తీసుకుంటాడు.

దీనికి పాతకాలం నుంచీ ఒక మోటు అంచనా ఉంది. ఒక బంటు విలువ దాదాపు మూడు టెంపోలని. గుర్రం, బిషప్ మూడేసి బంట్లతో సమానం, ఏనుగు అయిదు, మంత్రి తొమ్మిది అని చెప్పుకునే లెక్క లాంటిదే ఇదీ. కొలబద్దగా పనికొస్తుంది, శాసనం కాదు. డేనిష్‌కు దీన్ని పెట్టి చూద్దాం. తెలుపుకు ఇ4 బంటు, రెండు బిషప్‌లు కలిపి మూడు పనికొచ్చే ఎత్తులు. నలుపుకు సున్నా. అయితే ఇప్పుడు ఆడాల్సింది నలుపు కాబట్టి తెలుపు ఆధిక్యం మూడుకు కాస్త తక్కువే. ఇచ్చింది రెండు బంట్లు, అంటే ఆరు టెంపోల ఖరీదు. వచ్చింది అందులో సగం కూడా లేదు. పై స్థాయి ఆటల్లో డేనిష్ అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.

సిసిలియన్ అనే ఓపెనింగ్ మీద ఆడే స్మిత్-మోరా గాంబిట్ ఇంతకన్నా పొదుపైనది. ఇ4కు నలుపు సి5 ఆడితే తెలుపు డి4, తరవాత సి3 ఇచ్చి, నాలుగో ఎత్తులో గుర్రంతో సి3 బంటును తినేస్తుంది. పోయింది ఒకే బంటు. మధ్య బంటు నిలబడింది, ఒక గుర్రం బయటికొచ్చింది, పైగా సి, డి నిలువు వరుసలు ఏనుగుల కోసం తెరుచుకున్నాయి. టెంపోల్లో చూస్తే ఇక్కడా మూడు నిండవు. ఆ లోటును తెరుచుకున్న వరుసలు కొంతవరకు పూడుస్తాయి. అంటే సమయం ఒక్కటే సరుకు కాదన్నమాట. దాన్ని వాడుకోవడానికి దారులు కూడా కావాలి.

దారులు మూసుకుంటే ఆధిక్యం కరిగిపోతుంది

నా అయిదు పావులు బయటికొచ్చాయి, నీవి రెండే వచ్చాయి అనుకుందాం. బోర్డు మధ్యలో బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుపోయి ఉంటే నా అయిదు పావులకూ చేయడానికి పనుండదు. నువ్వు తీరిగ్గా ఒక్కో ఎత్తులో ఒక్కో పావును తీసుకుంటావు. ఆరేడు ఎత్తులు తిరిగేసరికి ఇద్దరం సమానం. తేడా ఒక్కటే మిగులుతుంది, నీ దగ్గర ఒక బంటు ఎక్కువ. అదే మధ్య భాగం తెరుచుకుని, నీ రాజు ఇంకా ఇ8లోనే ఉంటే కథ వేరు. అప్పుడు ఇంట్లో కూర్చున్న పావు ఆ పోరాటానికి సంబంధించినంతవరకు లేనట్టే. బోర్డు మొత్తం మీద నీదే ఎక్కువ బలం కావచ్చు. గొడవ జరుగుతున్న నాలుగు గడుల చుట్టూ మాత్రం నాదే మెజారిటీ.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపే ఆట 1858లో పారిస్ ఒపెరా హౌస్‌లో అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ ఆడింది. అవతల ఇద్దరు కలిసి ఆలోచిస్తూ ఆడారు, బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసోవార్. చెస్ నేర్చుకునే ప్రతివాళ్లకూ ఈ ఆట చూపిస్తారు. అయితే దాని ముగింపు కన్నా ఎనిమిదో ఎత్తును ఎక్కువసేపు చూడాలని నా అభిప్రాయం.

ఏడో ఎత్తులో మార్ఫీ మంత్రిని బి3కి తీశాడు. ఎఫ్7 మీద గురి, బి7 మీదా గురి. నలుపు మంత్రిని ఇ7కు తెచ్చి ఎఫ్7ను కాపాడుకుంది. బి7 బంటు ఊరికే దొరికేలా ఉంది. తినొచ్చు కూడా. అప్పుడు నలుపు మంత్రి బి4కు వచ్చి చెక్ ఇస్తుంది, మంత్రులు మారిపోతాయి, తెలుపుకు ఒక బంటు మిగులుతుంది. మంచి లాభమే. మార్ఫీ అటు చూడకుండా గుర్రాన్ని సి3కి తీశాడు.

బంటు ఇవ్వడమూ, దొరికిన బంటును వదులుకోవడమూ ఒకే ఆలోచన నుంచి వస్తాయి. ఇ7లో కూర్చున్న నలుపు మంత్రి తన బిషప్ దారికే అడ్డంగా ఉంది. ఆ బిషప్ రాకపోతే క్యాస్లింగ్ లేదు, క్యాస్లింగ్ లేకపోతే మూల ఏనుగుకు పని లేదు. మంత్రుల మార్పిడి జరిగితే ఈ చిక్కు దానంతటదే విడిపోతుంది. మార్ఫీ ఆ చిక్కును అలాగే ఉంచి తన పావులు తెచ్చుకున్నాడు. ఆ తరవాత బి5లో గుర్రాన్ని ఇచ్చాడు, డి7లో ఏనుగును ఇచ్చాడు, పదహారో ఎత్తులో బి8 దగ్గర మంత్రినే ఇచ్చాడు, పదిహేడో ఎత్తులో డి8కి ఏనుగు వచ్చి ఆటకట్టు. అప్పటికి తెలుపుకు రాజు, బంట్లు కాక మిగిలింది ఒక ఏనుగు, ఒక బిషప్. రెండూ ఆ ఆటకట్టులో పాలుపంచుకున్నాయి. నలుపుకు మంత్రి, ఏనుగు, బిషప్, గుర్రం మిగిలాయి. ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు ఆట మొత్తంలో ఒక్క అడుగు కదల్లేదు.

తిన్నది తిరిగి ఇచ్చేయడం

సమయం వల్ల వచ్చే ఆధిక్యం నిలవ ఉండదు. బంటు ఆధిక్యం ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) దాకా చెక్కుచెదరకుండా ఉంటుంది, టెంపోల ఆధిక్యం మాత్రం ఎత్తు ఎత్తుకూ తరుగుతుంది. కాబట్టి గాంబిట్ ఆడినవాడికి ఒక తొందర ఉంటుంది. వచ్చిన సమయాన్ని రాజు మీద దాడిగానో, మంచి గడులుగానో, అవతలి బంట్లలో శాశ్వతమైన లోపంగానో మార్చుకోవాలి. ఆధిక్యం ఉన్నవాడు దాడి చేసి తీరాలి, లేకపోతే ఆ ఆధిక్యమే జారిపోతుందని మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్ విల్‌హెల్మ్ స్టైనిట్జ్ నేర్పిన పాఠం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కాపాడుకునేవాడు దీన్ని తిరగేసి వాడుకోవచ్చు. తను తిన్నదాన్ని సరైన సమయంలో తిరిగి ఇచ్చేసి, పోయిన టెంపోలను రాబట్టుకోవచ్చు. గాంబిట్ చేతిలో ఓడేవాళ్లలో ఎక్కువమంది బంటును తిన్నందుకు ఓడరు. తిన్న బంటును వదలకుండా పట్టుకు వేలాడినందుకు ఓడతారు.

మొదట చెప్పిన డేనిష్‌కే వద్దాం. బి2లో బిషప్ బంటును తిన్నాక నలుపు వెంటనే డి5 ఆడుతుంది. ష్లెక్టర్ డిఫెన్స్ అంటే ఇదే. ఉన్న రెండు బంట్ల ఆధిక్యంలో ఒకదాన్ని తనే ముందుకు తోసి ఇస్తోంది. తెలుపు ఇ4 బంటుతో తింటే ఆ బంటే వచ్చి డి5లో నిలబడి సి4 బిషప్ చూపుకు అడ్డుపడుతుంది. అందుకని బిషప్‌తోనే తింటుంది. నలుపు గుర్రం ఎఫ్6కు వచ్చి ఆ బిషప్‌ను బెదిరిస్తుంది. ఇక్కడ తెలుపుకు ఊరించే ఎత్తొకటి ఉంది. బిషప్‌తో ఎఫ్7లో తిని చెక్ ఇవ్వడం. రాజు ఆ బిషప్‌ను తింటే డి8లో నలుపు మంత్రికి కాపు పోతుంది, తెలుపు మంత్రి దాన్ని తినేస్తుంది. మంత్రి వచ్చేసింది కదా అనుకునేలోపే నలుపు బిషప్ బి4కు వచ్చి చెక్ ఇస్తుంది. అదే ఎత్తుతో హెచ్8 ఏనుగుకు డి8 దాకా దారి తెరుచుకుంటుంది. తెలుపు మంత్రి ఎలాగూ దక్కదు. డి2కు వచ్చి చెక్‌కు అడ్డుపడుతుంది, నలుపు బిషప్ దాన్ని తింటుంది, తెలుపు గుర్రం ఆ బిషప్‌ను తింటుంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. ఇద్దరికీ అయిదేసి బంట్లు. మంత్రులు లేవు. అంత భయపెట్టిన రెండు బిషప్‌లలో ఒకటి బోర్డు దిగిపోయింది. పైగా మంత్రి వైపు భాగంలో నలుపుకు మూడు బంట్లు, తెలుపుకు ఒక్కటి. రెండు బంట్లు తిన్న నలుపు రెండూ ఇచ్చేసి, మంచి ఎండ్‌గేమ్‌తో బయటపడింది.

ఇదంతా సాధ్యమైంది ఎందుకంటే బంట్లు పోయినప్పుడు తెరుచుకున్న దారులు ఇద్దరివీ. నలుపు ఇ బంటు ముందుకు వెళ్లిపోవడం వల్ల ఎఫ్8 బిషప్‌కు ఐమూల దారి దొరికింది. గాంబిట్ ఆడేవాడు మరిచిపోకూడని సంగతి ఇది. తెరిచిన తలుపులోంచి అవతలివాడు కూడా రాగలడు.

ఎవాన్స్ గాంబిట్, రిగా 1995

టెంపోను ఎలా సంపాదిస్తారో చూడడానికి ఎవాన్స్ గాంబిట్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. విలియం డేవిస్ ఎవాన్స్ అనే నావికుడు 1820ల్లో దీన్ని కనిపెట్టాడు. ఇటాలియన్ ఆట అనే ఓపెనింగ్‌లో ఇరువైపులా బిషప్‌లు సి4, సి5 గడుల్లోకి వచ్చాక నాలుగో ఎత్తుగా తెలుపు బి4 ఆడి ఆ బంటును నలుపు బిషప్ నోటికి అందిస్తుంది. బిషప్ తింటుంది. వెంటనే సి3. ఆ బిషప్ మళ్లీ కదలక తప్పదు. సి5, బి4, ఇప్పుడు ఎ5కో ఇ7కో, ఒకే పావు మూడు ఎత్తులు తినేసింది.

గమ్మత్తు సి3లో ఉంది. మధ్యలో డి4 నెట్టాలంటే తెలుపుకు సి3 మద్దతు ఎలాగూ కావాలి. ఇటాలియన్‌లో మామూలుగా సి3 ఆడితే నలుపు ఆ సందులో గుర్రాన్ని ఎఫ్6కు తీసి ఇ4ను ఒత్తుతుంది. ఎవాన్స్‌లో ఆ సందు దొరకదు, సి3 బిషప్‌ను తరుముతూ వస్తుంది కాబట్టి. అదనంగా, బి బంటు పోవడం వల్ల సి1 బిషప్‌కు ఎ3 దారి దొరుకుతుంది. అది ఎ3లో కూర్చుంటే నలుపు రాజు క్యాస్లింగ్‌లో దాటాల్సిన ఎఫ్8 గడి మీదే దాని చూపు. ఒక బంటుకు ఇన్ని వస్తున్నప్పుడు బేరం గిట్టుబాటుగానే కనిపిస్తుంది.

దీనికీ తిరిగి ఇచ్చేసే మందు ఉంది. బిషప్ ఎ5లో ఉన్నప్పుడు డి6 ఆడి, తెలుపు క్యాస్లింగ్ చేయగానే బిషప్‌ను బి6కు తీసుకోవడం ఎమాన్యుయెల్ లాస్కర్ పేరు మీద స్థిరపడిన పద్ధతి. తెలుపు కావాలంటే ఇ5లో బంట్లు మార్చుకుని, మంత్రులు కూడా మార్చుకుని తన బంటు తను తీసుకోవచ్చు. తీసుకున్నాక చూస్తే దాడి లేదు, ఎ, సి బంట్లు విడివిడిగా ఒంటరిగా మిగిలాయి. ఈ ఒక్క వరుస ఎవాన్స్‌కు దశాబ్దాలపాటు కళ తప్పించింది.

1995లో రిగాలో, తాల్ స్మారక టోర్నీలో గ్యారీ కాస్పరోవ్ ఈ పాత ఆయుధాన్ని విశ్వనాథన్ ఆనంద్ మీద తీశాడు. ఆనంద్ బిషప్‌ను ఇ7కు తీసుకుని, గుర్రాన్ని ఎ5కు పంపి సి4 బిషప్‌ను కదిలించాడు. మంచి ఆలోచనే. కాస్పరోవ్ బిషప్‌ను ఇ2కు తగ్గించి, ఎనిమిదో ఎత్తులో మంత్రితో డి4లో తిన్నాడు. మంత్రిని తొందరగా బయటికి తేకూడదని మనం నేర్చుకున్న సూత్రానికి ఇది విరుద్ధం. కానీ ఆ మంత్రిని తరమాల్సిన గుర్రం ఎ5 అంచుకు వెళ్లి కూర్చుంది, అక్కడి నుంచి డి4 అందదు. అది సి6కు తిరిగొచ్చేసరికి మంత్రి హెచ్4కు, అక్కడి నుంచి జి3కి చేరి జి7 మీద కన్నేసింది. నలుపు జి6 నెట్టక తప్పలేదు. దాంతో రాజు వైపు నల్లగడులు బలహీనపడ్డాయి, హెచ్6లో తెల్ల బిషప్ వచ్చి కూర్చుంది.

ఆ ఆటలో నలుపు మొదటి పదిహేను ఎత్తుల్లో ఎనిమిది గుర్రాలవి, మూడు ఒకే బిషప్‌వి. సి8 బిషప్ మొదటిసారి కదిలింది ఇరవై మూడో ఎత్తులో. రాజు క్యాస్లింగ్ చేయనే లేదు. ఇరవై అయిదో ఎత్తుకు ఆనంద్ ఓటమి ఒప్పుకున్నాడు. అంతటి ఆటగాడికే ఎత్తుల లెక్క ఇలా తిరగబడిందంటే ఆ ఒక్క బంటు చేసిన పని ఎంతో ఊహించుకోవచ్చు.

అన్ని గాంబిట్ల తొందరా ఒకటి కాదు

క్వీన్స్ గాంబిట్‌ను పేరు చూసి ఈ వరుసలో చేర్చకూడదు. అక్కడ బంటు త్యాగం నామమాత్రం. డి4, డి5, సి4 తరవాత నలుపు సి4లో తిని, తెలుపు ఇ3 ఆడాక బి5తో ఆ బంటును కాపాడుకోబోయిందనుకోండి. తెలుపు ఎ4 నెడుతుంది. నలుపు సి6తో మద్దతిస్తే బి5లో బంట్లు మారతాయి, వెంటనే తెలుపు మంత్రి ఎఫ్3కు వస్తుంది. పొడవాటి ఐమూల మీద ఎ8 ఏనుగు దాకా అడ్డేమీ లేదు. నలుపుకు ఏదో ఒక పావు పోక తప్పదు. కాబట్టి తెలుపు బంటు తిరిగొచ్చేస్తుంది, ఈలోపు మధ్య గడులు చేతికొస్తాయి.

బెంకో గాంబిట్ దారి పూర్తిగా వేరు. నలుపు సి5, బి5, ఎ6 ఆడి ఒక బంటును ఇచ్చేసి, అయిదో ఎత్తులో బిషప్‌తో ఎ6లో తింటుంది. రాజు మీద దాడి అనే మాటే లేదు. నలుపుకు దొరికేది ఎ, బి నిలువు వరుసలు, జి7 బిషప్ కోసం పొడవాటి ఐమూల. తెలుపు ఎ2, బి2 బంట్ల మీద ఏనుగులూ బిషప్ కలిసి గంటలతరబడి ఒత్తిడి పెడతాయి. మంత్రులు మారిపోయినా ఆ ఒత్తిడి తగ్గదు, తరచూ నలుపుకే మేలవుతుంది. టెంపోల ఆధిక్యం కరిగిపోతుందని చెప్పాను. బెంకోలో కొన్నది టెంపోలను కాదు, తెరిచిన వరుసలను. వరుసలు అంత తేలిగ్గా మూసుకుపోవు, అందుకే ఈ గాంబిట్‌కు తొందర లేదు.

ఈ రెండు కొసలకూ మధ్యలో నిలబడేది రుయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లోని మార్షల్ అటాక్. ఇక్కడ నలుపు ముందు క్యాస్లింగ్ పూర్తిచేసుకుని, ఎనిమిదో ఎత్తులో డి5 ఆడి ఇ5 బంటును వదిలేస్తుంది. తెలుపు గుర్రంతో తిని, గుర్రాలు మారాక ఏనుగుతో ఇ5లో కూర్చుంటుంది. పదకొండు ఎత్తులయ్యాయి. తెలుపు మంత్రి వైపు గుర్రం, బిషప్, ఏనుగు మూడూ పుట్టిన గడుల్లోనే ఉన్నాయి. రాజును కాపాడాల్సిన ఎఫ్3 గుర్రం బోర్డు దిగిపోయింది. నలుపు బిషప్ డి6కు వస్తూ ఏనుగును తరుముతుంది, మంత్రి హెచ్4కు వస్తూ ఆటకట్టుతో బెదిరిస్తుంది. ప్రతి ఎత్తూ ఒక బెదిరింపుతో వస్తే అవతలివాడికి తన పావులు తీసే తీరిక ఉండదు. గాంబిట్‌లో టెంపో అసలు రుచి తెలిసేది ఇక్కడే.

1918లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్ దీన్ని, తరవాత ప్రపంచ చాంపియన్ అయిన కాపాబ్లాంకా మీద ప్రయోగించాడు. కాపాబ్లాంకా బోర్డు దగ్గరే దారి వెతుక్కుని, దాడిని తట్టుకుని, 36 ఎత్తుల్లో గెలిచాడు. అయినా గాంబిట్ చావలేదు. తరవాతివాళ్లు పదకొండో ఎత్తులో సి6 ఆడి డి5 గుర్రానికి బలమిచ్చే పద్ధతిని కనిపెట్టారు. ఇప్పటికీ చాలామంది గ్రాండ్‌మాస్టర్లు ఎనిమిదో ఎత్తులో ఎ4నో హెచ్3నో ఆడి మార్షల్‌ను ముందే తప్పించుకుంటారు. ఒక గాంబిట్‌కు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది.

కింగ్స్ గాంబిట్‌కు ఆ భాగ్యం దక్కలేదు. కారణం కూడా లెక్కలోనే ఉంది. ఇ4, ఇ5 తరవాత ఎఫ్4 ఇచ్చినప్పుడు తెలుపు వదులుకునేది బంటును మాత్రమే కాదు, తన రాజు పక్కనున్న గోడను కూడా. 1851లో లండన్‌లో ఆండర్సన్ ఈ ఓపెనింగ్‌తోనే కీసెరిట్జ్‌కీ మీద రెండు ఏనుగులూ మంత్రినీ ఇచ్చేసి గెలిచిన ఆట అమరమైంది. 1960లో మార్ డెల్ ప్లాటాలో స్పాస్కీ ఇదే ఆడి బాబీ ఫిషర్‌ను ఓడించాడు. మరుసటి ఏడు ఫిషర్ దీన్ని ఖండిస్తూ ఒక వ్యాసమే రాసి, మూడో ఎత్తులో డి6 ఆడమన్నాడు. ఆ తరవాత తనే తెల్లపావులతో కింగ్స్ గాంబిట్ ఆడి గెలిచాడు కూడా, అయితే గుర్రం బదులు బిషప్‌ను ముందు తీసే పద్ధతిలో.

ఉచ్చు ఉంది, ఆ తరవాత?

ఆన్‌లైన్‌లో వేగంగా ఆడే ఆటల్లో స్టాఫర్డ్ గాంబిట్ బాగా కనిపిస్తుంది. పెట్రోఫ్ అనే ఓపెనింగ్‌లో తెలుపు గుర్రం ఇ5 బంటును తినగానే నలుపు గుర్రాన్ని సి6కు తీస్తుంది. గుర్రాలు మారతాయి, నలుపు డి బంటుతో సి6లో తింటుంది. తెలుపు గుర్రం మూడు ఎత్తులు ఆడి మాయమైంది, నలుపు గుర్రం ఎఫ్6లో ఉంది, దాని బిషప్‌లు రెండింటికీ దారి తెరిచి ఉంది. లెక్క బాగానే ఉంది.

తెలుపు డి3 ఆడి, నలుపు బిషప్ సి5కు వచ్చాక, తెలియక బిషప్‌ను జి5కు తీస్తే అయిపోయినట్టే. నలుపు గుర్రం తన మంత్రిని వదిలేసి ఇ4లో తింటుంది. తెలుపు బిషప్ ఆ మంత్రిని తింటే, నలుపు బిషప్ ఎఫ్2లో చెక్, రాజు ఇ2కు, రెండో బిషప్ జి4లో ఆటకట్టు. మూడు చిన్న పావులు కలిసి రాజును పట్టేస్తాయి. చూడ్డానికి అద్భుతం.

అయితే తెలుపు జి5 బదులు బిషప్‌ను ఇ2లో పెడితే? ఎఫ్3 మీద, జి4 మీద కాపు పడింది, రాజు క్యాస్లింగ్‌కు సిద్ధం. తెలుపు బంట్లలో ఎక్కడా లోపం లేదు. నలుపు మాత్రం రెండు బంట్లను ఒకే వరుసలో ఇరికించుకుని, ఒక బంటు తక్కువతో ఉంది. ఆ రెండు టెంపోల ఆధిక్యం గురిపెట్టడానికి గురి లేక ఆవిరైపోతుంది.

గాంబిట్ నేర్చుకోవాలనుకునేవాళ్లు వీడియోలో చూసిన ఉచ్చును పక్కనపెట్టి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని నేను గట్టిగా చెప్తాను. అవతలివాడు అన్నీ సరిగ్గా ఆడితే నా చేతిలో ఏం మిగులుతుంది? మార్షల్‌లో మిగిలేది చాలా ఉంది, బెంకోలోనూ ఉంది, ఎవాన్స్‌లో కొంత ఉంది. స్టాఫర్డ్‌లో ఇంచుమించు ఏమీ లేదు. నేర్చుకునే దశలో ఎవాన్స్‌ను ఎంచుకోమంటాను. గెలిచినా ఓడినా అందులో ప్రతి ఎత్తుకూ ఒక కారణం కనబడుతుంది.

ఇక తినాలా వద్దా అనేది అవతలివైపు ప్రశ్న. మధ్య బంటు దొరుకుతుంటే, తిన్నాక మూడు నాలుగు ఎత్తుల్లో క్యాస్లింగ్ చేయగలిగితే, అవసరమైతే ఎప్పుడు తిరిగి ఇచ్చేయాలో ముందే చూసుకుని ఉంటే తినండి. మంత్రిని పంపి బి2లో బంటు తినడం మాత్రం ఎప్పుడూ ఎక్కువ ఖర్చు. వెళ్లడానికో ఎత్తు, తినడానికో ఎత్తు, తిరిగి రావడానికి ఇంకెన్నో.

అంత ఖర్చు పెట్టి కూడా నిలబడిన వరుస ఒకటుంది. సిసిలియన్‌లో నైడార్ఫ్ అనే శాఖలో విషపు బంటు అని పిలిచేది. ఏడో ఎత్తులో నలుపు మంత్రి బి6కు వస్తుంది, తెలుపు మంత్రి డి2, నలుపు మంత్రి బి2లో తింటుంది. తెలుపు పావులు చాలానే బయట ఉన్నాయి, అయినా నలుపు బంట్ల వరుస గట్టిగా ఉంటుంది, దూరడానికి దారి తేలిగ్గా దొరకదు. ఫిషర్‌కు ఇది ప్రాణప్రదమైన వరుస. 1972లో రేక్యవిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఏడో ఆటలో స్పాస్కీ మీద ఆ బంటు తిని డ్రా చేసుకున్నాడు. పదకొండో ఆటలో మళ్లీ తిన్నాడు. మంత్రి ఎ3 దాకా వెళ్లింది.

పద్నాలుగో ఎత్తులో స్పాస్కీ సి3లో ఉన్న గుర్రాన్ని ఎత్తి తిరిగి బి1లో పెట్టాడు. పుట్టిన గడిలోకే. పావులను బయటికి తీయడమే ఆటంతా అనుకుంటే ఇది రెండు టెంపోలు పారేయడం. స్పాస్కీకి మాత్రం ఆ గుర్రం సి3లో చేసే పని కన్నా బి1 నుంచి చేయగల పని పెద్దది. అక్కడి నుంచి అది ఎ3ని కొడుతుంది. సొంత బలగానికి దూరంగా, శత్రువుల మధ్య తిరుగుతున్న మంత్రికి వెళ్లడానికి గడులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. చివరికి ఆ మంత్రి చిక్కిపోయింది, ముప్పై ఒకటో ఎత్తు దగ్గర ఫిషర్ ఆట వదిలేశాడు. ఆ మ్యాచ్‌లో అతను మళ్లీ ఆ బంటును ముట్టుకోలేదు. పదిహేనో ఆటలో అదే నైడార్ఫ్ వచ్చినప్పుడు, ఏడో ఎత్తులో మంత్రిని కదపకుండా బిషప్‌ను ఇ7కు తీసుకున్నాడు.